మూలన ఉన్న ఆ అంకె
రాత్రి అక్క కొడుకు మూడుసార్లు ఉలిక్కిపడి లేచాడు, తప్పు నాదే. సినిమా పోస్టర్ మూలన 13 అని ఉంది, వాడికి తొమ్మిదేళ్లు, పక్కన నేనున్నాగా ఏమవుతుందిలే అని తీసుకెళ్లా. రక్తం చుక్క కూడా లేదు. చీకట్లో ఎవరో ఊపిరి పీలుస్తున్న చప్పుడు, అలా పది నిమిషాలు, వాడు నా చొక్కా వదిలితే ఒట్టు.

ఇంటికొచ్చి కూర్చుని చదివా. రేటింగ్ అంటే బూతులు, ముద్దులు లెక్కపెట్టడమే అనుకునేవాణ్ణి; హింస, మత్తుమందులు, భయం, అది ఏ సందర్భంలో వచ్చింది, ఇవన్నీ చూస్తారట. అమెరికాలో 1968 నుంచి రేటింగులున్నా, పీజీకీ (తల్లిదండ్రులు చూసుకోవాలి అనే ముద్ర), ఆర్‌కీ (17 ఏళ్ల లోపు పిల్లలైతే పెద్దవాళ్లతోనే రావాలి అనే ముద్ర) మధ్య ఖాళీ మరీ ఎక్కువగా ఉందని 1984లో పీజీ-13 తెచ్చారు. అక్కడ రేటింగ్ ఇచ్చేవాళ్లు కూడా పిల్లలున్న తల్లిదండ్రులే. భారత్‌లో యూఏ అంటే ఇదివరకు పన్నెండేళ్ల లోపు పిల్లలందరికీ కలిపి ఒకటే ముద్ర, 2024లో దాన్ని 7, 13, 16 అని విడగొట్టారు (ఇన్నాళ్లు ఎందుకు పట్టిందో!). అయినా యూఏ అంటే గేటు దగ్గర ఆపడం కాదు, పెద్దవాళ్లు చూసుకోండి అని చెప్పడమే.

ఆ పెద్దవాణ్ణి నేనే మరి. అక్కకి ఇంకా చెప్పలేదు, టెన్షన్‌గా ఉంది.