తెర వెనక తాడు

మా స్కూలు పాత విద్యార్థుల సంచికకి ఏదైనా రాయమని కమిటీ నుంచి ఫోన్ వచ్చింది. "క్రిస్మస్ నాటకం గురించి రాయవే, నువ్వు మరియమ్మ వేషం వేశావుగా" అంది అవతలి గొంతు. నేను వెయ్యలేదు. అయినా మా బ్యాచ్‌లో సగం మందికి వేసినట్టే గుర్తు. నవంబరు మూడో వారం దాకా రిహార్సల్స్‌లో ఉన్నది నేనే మరి. ఆ సాయంత్రం నీలం గుడ్డ కప్పుకుని స్టేజీ మీద కూర్చున్నది వేరే అమ్మాయి. నేను తెర వెనక, తాడు దగ్గర ఉన్నాను. ఆ సంగతే రాస్తాను.

అప్పుడు తొమ్మిదో క్లాసు. నవంబరు నెలాఖరులో మా నాన్న పోయారు. హాస్టల్ నుంచి ఇంటికి వెళ్లి రెండు వారాలకి తిరిగొచ్చాను. పరీక్షలు పోతాయని అమ్మే బలవంతంగా పంపించింది. వచ్చేసరికి స్కూలంతా పండగ హడావుడిలో ఉంది. కాగితం నక్షత్రాలు, జిగురు వాసన, మెట్ల మీద కూర్చుని పాటలు బట్టీ పట్టే పిల్లలు. నేను గదిలోకి అడుగు పెట్టగానే నవ్వులు ఆగిపోయేవి. పాపం, వాళ్లు మర్యాద కోసమే ఆపేవాళ్లు. నాకు మాత్రం వాళ్ల నవ్వు కూడా నేనే చెడగొట్టానని ఇంకా బాధగా ఉండేది.

నా గురించి రెండు వాదనలు నడిచాయి. స్టేజీ ఎక్కితే మనసు తేలికపడుతుంది, వేషం దానికే ఉంచండి అని కొందరు. దాన్ని వదిలెయ్యండి, ఆ పూట గదిలో పడుకోనివ్వండి అని కొందరు. నన్నెవరూ అడగలేదు. అడిగినా ఏం చెప్పేదాన్నో నాకే తెలీదు. వేషం వెయ్యాలంటే భయం, గదిలో ఒంటరిగా పడుకోవాలంటే అంతకంటే భయం.

మా నాటకాలు చూసుకునేది లెక్కల టీచరు గారు. నాటకాలకీ లెక్కలకీ ఏం సంబంధమో ఆ స్కూల్లో ఎవరూ అడగలేదు. ఒకరోజు నన్ను స్టేజీ వెనక్కి పిలిచారు. "మరియ వేషం ఇంకో అమ్మాయికిచ్చాను. నిన్ను అడక్కుండానే ఇచ్చాను, కోపం వస్తే రానీ. నాకు తెర లాగే మనిషి కావాలి. ఎవరు ఎప్పుడు ఏ మాట అంటారో మొత్తం తెలిసినవాళ్లయితేనే కుదురుతుంది. నీకు తెలుసు కదమ్మా" అన్నారు. నాన్న ఊసు ఎత్తలేదు. తాడు నా చేతికిచ్చి ఎలా లాగాలో చూపించారు.

ఆ తాడు మీలో ఎంతమందికి గుర్తుందో. బొటనవేలంత లావు, గరుకు. పైన కప్పీ మీదుగా తిరిగి రెండో వైపు దిగేది. తాడు మీద రెండు చోట్ల ఎర్ర గుడ్డ పీలికలు కట్టి ఉండేవి. మొదటిది చేతికి తగిలితే తెర సగం తెరుచుకున్నట్టు, రెండోది తగిలితే ఆపెయ్యాలి. ఎడమవైపు మూడో రింగు ఎప్పుడూ పట్టేసేది. అప్పుడు గట్టిగా లాగితే పని జరగదు, కాస్త వదులు చేసి తాడుని ఒక్కసారి విదిలించాలి. ఆ విదిలింపు ఒంటబట్టడానికి నాకు నాలుగు రోజులు పట్టింది. అరచేతులు మండేవి. రాత్రి పడుకున్నాక నాన్న గుర్తొచ్చేవారు, మధ్యమధ్యలో ఆ మూడో రింగు కూడా గుర్తొచ్చేది. అన్ని రోజుల్లో నాకు ఇంకో ఆలోచన రావడం అదే మొదలు.

నాటకం రోజు మరియమ్మకి దూత కనబడే సీన్లో ఏడుపొచ్చింది. ఆపుకోలేదు. తెర వెనక చీకటి, రెండు చేతులూ తాడు మీద, కన్నీళ్లు తుడుచుకునే వీలు కూడా లేదు. ఆ వెంటనే మరియమ్మ భర్త యోసేపు వేషం వేసినవాడు తన మాట మర్చిపోయి గుడ్లప్పగించి నా వైపు చూశాడు. ముక్కు ఎగపీలుస్తూనే "సత్రంలో చోటు ఉందా" అని అందించాను. వాడు కంగారులో "సత్రంలో చోటు ఉంది" అనేశాడు! సత్రం యజమాని ఏం చెయ్యాలో తెలీక, లేదని ఒట్టేశాడు. హాలంతా నవ్వు. నేనూ నవ్వాను. ఏడ్చిందీ ఎవరూ చూడలేదు, నవ్విందీ ఎవరూ చూడలేదు. నాన్న పోయిన నెల తిరక్కుండా నవ్విందని ఎవరైనా అనుకుంటారన్న టెన్షన్ లేకుండా నవ్వగలిగింది అక్కడే.

అందరూ వెళ్లిపోయాక బట్టలు మడత పెడుతూ టీచరు గారు ఒక మాటన్నారు. "మనం ప్రతి ఏడూ జ్ఞానులు రాగానే తెర దించేస్తాం. ఆ తర్వాత ఏముందో చదివావా?" చదివానేమో గానీ పట్టించుకోలేదు. మత్తయి సువార్త రెండో అధ్యాయంలోనే ఉంది. బాలయేసుని చూడొచ్చిన జ్ఞానులు వెళ్లిపోగానే ఆయన కుటుంబం రాత్రికి రాత్రి ఐగుప్తుకి, అంటే ఈజిప్టుకి, పారిపోతుంది. హేరోదు రాజు బేత్లెహేములో రెండేళ్లూ, అంతకు తక్కువ వయసూ ఉన్న మగపిల్లల్ని చంపిస్తాడు. అక్కడ పాత ప్రవక్త మాట ఒకటి గుర్తు చేస్తారు: రాహేలు తన పిల్లల కోసం ఏడుస్తూ, ఓదార్పు వద్దంటుంది. "వద్దంది చూడు. తప్పని కొట్టెయ్యలేదు, క్రిస్మస్ కథలోనే రాసి ఉంచారు" అన్నారావిడ. పద్నాలుగేళ్ల పిల్లకి అది ఎంత అర్థమవుతుంది? బుర్ర ఊపాను.

తర్వాత నేను నర్సునయ్యాను. ట్రైనింగులో ఒత్తిడి గురించి ఒక పాఠం ఉండేది. హోమ్స్, రాహే అనే ఇద్దరు 1967లో జీవితంలో వచ్చే 43 మార్పులకి మార్కులేసి ఒక పట్టిక తయారుచేశారు. భార్యో భర్తో చనిపోతే 100, విడాకులకి 73. ఆ పట్టిక అడుగున క్రిస్మస్ కూడా ఉంది, 12 మార్కులతో. దాని కింద ఒకే ఒక్కటి, చిన్నాచితకా చట్ట ఉల్లంఘన, 11. ట్రాఫిక్ పోలీసుకి దొరికిపోవడం కంటే పండగ ఒక్క మార్కే ఎక్కువా అని క్లాసులో తెగ నవ్వుకున్నాం. ఆ పట్టికలో ఏడాది మొత్తం మీద వచ్చినవన్నీ కూడతారు. నా అనుభవంలో అది కూడిక కాదు. 100 ఉన్న ఇంట్లోకి ఆ 12 వచ్చిందంటే హెచ్చవేతే. మామూలు మంగళవారం ఖాళీగా ఉన్న కుర్చీ వేరు, డిసెంబరు 25న ఖాళీగా ఉన్న కుర్చీ వేరు.

వార్డులో అది కళ్లారా చూస్తాం. 24 సాయంత్రానికి పంపించగలిగిన వాళ్లందరినీ డిశ్చార్జి చేసేస్తారు. మిగిలేది బొత్తిగా కదలలేని వాళ్లు, వెళ్లడానికి ఎవరూ లేనివాళ్లు. చూడ్డానికి వచ్చేవాళ్లు ఆ రోజు మామూలు కంటే గట్టిగా మాట్లాడతారు. ఒక ఏడాది పక్షవాతంతో మాట పోయిన పేషెంటు భార్య మంచం పక్కన కూర్చుని వణికిపోతోంది. వచ్చినవాళ్లు వచ్చినట్టు "పండగ పూట కంట తడి పెట్టకూడదమ్మా" అనేసి వెళ్తున్నారు. నేను ఒక చిన్న గిన్నెలో నీళ్లూ, దూదీ తెచ్చిచ్చి, "ఆయన పెదాలు ఎండిపోతున్నాయి, దూది తడిపి బాగా పిండేసి అద్దుతారా? నీళ్లు లోపలికి పోకూడదు" అన్నాను. ఆవిడ దూదిని ఎంత శ్రద్ధగా పిండిందంటే, చివరి చుక్క కూడా గిన్నె అంచుకి రాసేది. కింది పెదవి, పై పెదవి, నోటి మూలలు. ఏడుస్తూనే ఉంది. చేతులు మాత్రం వణకడం మానేశాయి. డ్యూటీ దిగి ఇంటికొచ్చి చెప్పులు విప్పుతుంటే నాకు ఆ ఎర్ర పీలికలు గుర్తొచ్చాయి.

ఇంత తెలిసిన దాన్ని నేనే ఒకసారి ఘోరంగా తప్పు చేశాను. ఇది రాయాలా వద్దా అని చాలా ఆలోచించాను. ఎవరి గురించో ఆవిడకి తెలుసు, రాయమని ఆవిడే అంది. మన బ్యాచ్ స్నేహితురాలికి కొడుకు పోయాడు. ఆ ఏడాది క్రిస్మస్ ముందు రోజు ఫోన్ చేసి అరగంట మాట్లాడాను. దేవుడికి ఏదో ఉద్దేశం ఉంటుందన్నాను, మిగతా పిల్లల కోసం ధైర్యంగా ఉండాలన్నాను, కాలమే మాన్పుతుందన్నాను. "సరేనే, నీకూ పనులుంటాయి, పెట్టెయ్" అంది. మరుసటి ఏడాది నా ఫోన్ ఎత్తలేదు. ఆ పై ఏడాది ఎదురుపడినప్పుడు అడిగితే చెప్పింది: "అరగంటలో నువ్వు వాడి పేరు ఒక్కసారి కూడా అనలేదు."

నిజమే. అంటే ఏడుస్తుందని భయపడ్డాను. అది అప్పటికే రోజూ ఏడుస్తోంది, నేను కొత్తగా ఏడిపించేదేముంది? ఆ ఏడుపు నా చెవిన పడకూడదు, అంతే నా జాగ్రత్త. అప్పట్నుంచీ ప్రతి డిసెంబరులో దానికి ఒక మెసేజ్ పెడతాను. ఓదార్పు మాట ఒక్కటీ ఉండదు. వాడి పేరు, వాడి సంగతి ఒకటి. చిన్నప్పుడు మా ఇంటికొచ్చి గోడ గడియారం విప్పి, మళ్లీ బిగించలేక, మిగిలిన మూడు స్క్రూలు నా చేతిలో పెట్టి "ఇవి ఎక్కువైనట్టున్నాయి ఆంటీ" అన్నాడు. ఆ గడియారం ఇప్పటికీ నడవదు, తీసెయ్యలేదు. అది రాసిన ఏడాది దాన్నుంచి పెద్ద జవాబొచ్చింది. కొన్నేళ్లు "ఊఁ" అని ఒక్క అక్షరం వస్తుంది. రెండూ సంతోషమే.

కష్టమంటే చావొక్కటే కాదనుకోండి. మా తమ్ముడి ఉద్యోగం పోయిన ఏడాది వాడు పండగకి రానన్నాడు. కారణం చెప్పకపోయినా అందరికీ తెలుసు, ఉత్త చేతులతో రాలేడు. "ఏమైనా కావాలంటే చెప్పరా" అని అందరం అన్నాం. ఆ మాట మంచిదే గానీ, పని మొత్తం కష్టంలో ఉన్నవాడి నెత్తినే పెడుతుంది. ఏం కావాలో వాడే తేల్చుకోవాలి, ఎవర్ని అడగాలో వాడే ఎంచుకోవాలి, సిగ్గు చంపుకుని నోరు వాడే తెరవాలి. మా అక్క మాత్రం వేరేలా ఫోన్ చేసింది: "ఒరే, ఈసారి పెద్దవాళ్లం ఎవరం ఎవరికీ ఏమీ కొనట్లేదు, పిల్లలకే. దీపాల తీగ సగం వెలగట్లేదు. పొద్దున్నే వచ్చి చూడు, నీకు తప్ప ఎవరికీ చేతకాదు." వచ్చాడు. స్టూలు మీద కూర్చుని ఒక్కో బల్బూ పీకి చూస్తూ మూడు గంటలు గడిపాడు. సగం తీగ చివరిదాకా వెలగనేలేదు.

ఇంకో సంగతి. కొన్ని చర్చిల్లో డిసెంబరు 21న, లేదా ఆ దరిదాపుల్లో, దుఃఖంలో ఉన్నవాళ్ల కోసం ఒక ఆరాధన జరుపుతారు. భూమికి ఉత్తరాన ఉన్నవాళ్లకి ఏడాదిలో అతి పొడవైన రాత్రి అది. 1969లో కథోలిక క్యాలెండరుని సవరించి జులై 3కి జరిపేదాకా తోమా పండగ కూడా అదే రోజు వచ్చేది. తిరిగి లేచిన యేసు గాయాలు తాకి చూస్తే గానీ నమ్మనన్న శిష్యుడే ఆ తోమా. అమ్మ పోయిన ఏడాది అలాంటి దానికి వెళ్లాను. తక్కువ వెలుతురు, నెమ్మది పాటలు, తలుపు దగ్గర శుభాకాంక్షలు చెప్పేవాళ్లెవరూ లేరు. ప్రాణానికి హాయిగా అనిపించింది. అయితే ఒక అనుమానం కూడా వచ్చింది. ఏడ్చేవాళ్లని ఒక సాయంత్రానికి సర్దేసి, 25న హాయిగా ఉందామనుకుంటామేమో. నేను తాడు పట్టుకుని ఏడ్చింది పండగ నాటకం రోజే, అందరూ ఉన్న హాల్లోనే.

నర్సుని కాబట్టి ఇదొకటి చెప్పకుండా వదల్లేను. వారాల తరబడి నిద్రా తిండీ లేకపోయినా, బతికి ఏం లాభం అన్న మాట వచ్చినా, చేతికి చిన్న పని ఇచ్చి ఊరుకోకండి. చచ్చిపోవాలనిపిస్తోందా అని సూటిగా అడగండి. అడిగినంత మాత్రాన లేని ఆలోచన పుట్టదు. ఉందంటే ఒంటరిగా వదలకుండా దగ్గరుండి ఆ రోజే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి, పండగైనా సరే.

టీచరు గారు పోయి చాలా ఏళ్లయింది. నాకు వేషం ఎందుకు తీసేశారో, తాడే ఎందుకిచ్చారో ఎప్పుడూ అడగలేదు. నిజంగానే తెర లాగే మనిషి దొరక్క ఇచ్చారేమో కూడా. లెక్కల టీచరు కదా, ఉన్నవాళ్లతో సరిపెట్టి ఉంటారు.

ఈ డిసెంబరు కలయికకి హాలు బాగుచేయించారట. తెరకి మోటారు పెట్టారట, గోడకున్న బటన్ నొక్కితే చాలట. మనలో ఒకావిడకి ఈ ఏడాది భర్త పోయారు. వస్తాను గానీ స్టేజీ ఎక్కి పరిచయాలవీ నా వల్ల కాదు అంది. ఆ బటన్ పని ఆవిడకివ్వమని కమిటీకి రాశాను, సరేనన్నారు. అక్కడ ఒక స్టూలు కూడా వేయించమన్నాను. ఇద్దరు పట్టే బెంచీ దొరికితే మరీ మంచిది, రెండో చోటు నాకు.