బావిలో వైర్‌లెస్ మాట: చంద్రగిరి వైపు మా అనుభవం

వ్యవసాయ బావిలో జారిపడిన మోటారును పైకి తీయడానికి డైవర్ల వైర్‌లెస్ సెట్టు వాడాము. ఒకటి మాస్కుకు, ఇంకొకటి గట్టు మీద. చెరువులో బాగా పలికిన సెట్టే 12 మీటర్ల వెడల్పు బావిలో గొణగడం మొదలుపెట్టింది. తప్పు దూరానిది కాదు, గోడలది.

బ్లూటూత్ లాంటి రేడియో తరంగాలు నీళ్లలో మూరెడు కూడా దాటవు. అందుకే ఈ సెట్టు గొంతును 32.768 కిలోహెర్ట్జ్ అల్ట్రాసౌండ్ (చెవికి అందని శబ్దం) మీదికి ఎక్కించి పంపుతుంది. చేతి గడియారంలోని క్వార్ట్జ్ ముక్క కొట్టుకునేదీ ఇదే లెక్కన. నీళ్లలో శబ్దం సెకనుకు సుమారు 1,500 మీటర్లు పోతుంది. ఈ గోడ నుంచి ఆ గోడకు పోయి రావడానికి 16 మిల్లీసెకన్లు. ఆ ప్రతిధ్వని ఒక్కసారి వస్తే చెవి పట్టించుకోదు. నల్లరాతి గోడల మధ్య అది మళ్లీ మళ్లీ తిరుగుతూ మాటకు తోకలా అంటుకుంటుంది. సెట్టు శక్తి పెంచితే తోక కూడా అంతే పెరుగుతుంది.

తెలుగు మాటలు అచ్చుతో ముగుస్తాయి కదా, ఆ చివరి అచ్చే సాగి తర్వాతి మాట మొదలును మింగేస్తుంది. "పైకి", "కిందికి" రెండూ గట్టు మీద "...కి" అనే వినిపించాయి. "లేపు", "ఆపు" అని మార్చాము, అది ఇంకా ప్రమాదం: రెంటికీ చివర "పు". మోటారుకు చైన్ బ్లాక్ (బరువు ఎత్తే గొలుసు కప్పీ) తగిలించాక ఆ పొరపాటు జరగకూడదు. చివరికి "ఎత్తు", "దించు", "స్టాప్" దగ్గర నిలిచాము. ఒక్కో మాటకూ మధ్య ఒక సెకను ఆగాలి. గట్టు మీదివాళ్లు విన్న మాటను తిరిగి చెప్పాకే గొలుసు ముట్టుకోవాలి.

గట్టు సెట్టులో నీళ్లలోకి శబ్దం పంపి, అందుకునే ముక్కను, అంటే ట్రాన్స్‌డ్యూసర్‌ను గోడ పక్కన కాకుండా బావి నడుమకు, డైవర్‌కు 4, 5 మీటర్ల దగ్గరికి దించాము. నేరుగా వచ్చే మాట గట్టిపడి ప్రతిధ్వని వెనకబడింది. అన్నిటికన్నా ఎక్కువ ఫలితం దీనివల్లే.

మాస్కు ముఖమంతా కప్పే ఫుల్ ఫేస్‌దే కావాలి. నోట్లో రెగ్యులేటర్ (సిలిండర్ గాలి అందించే ముక్క) కరిచిపట్టుకుంటే పెదవులు కలవవు, ప, బ, మ పలకవు. గాలి పీల్చేటప్పుడు వాల్వు రొద మైకులో పడుతుంది. కాబట్టి ముందు పీల్చి, తర్వాత బటన్ నొక్కి, రెండే మాటలు చెప్పి వదిలేయాలి. మాటకోసం ఊపిరి బిగపట్టకూడదు. బటన్ నొక్కి ఉంచినంతసేపు అవతలి మాట వినపడదు, ఇది టెలిఫోను కాదు.

మాస్కు మీది ట్రాన్స్‌డ్యూసర్‌ను నియోప్రీన్ (నురగ రబ్బరు) టోపీ కప్పకూడదు, అందులోని గాలి బుడగలు శబ్దాన్ని ఆపేస్తాయి. వీపు మీది సిలిండర్, డైవర్ ఒళ్లు, వదిలిన బుడగలూ అంతే. మాట ఆగితే గట్టు సెట్టు వైపు తిరిగి మళ్లీ చెప్పాలి. బ్యాటరీ మూతకు నీరు ఆపే రబ్బరు చుట్టు, అంటే ఓ-రింగ్ మీద ఒక్క వెంట్రుక ఉన్నా నీరు దిగుతుంది.

నన్నడిగితే బావికి వైరు సెట్టే మేలు. నడుముకు తాడు ఎలాగూ ఉంటుంది, దాని వెంటే వైరు పోతుంది. వైర్‌లెస్ చెరువులో, ఇద్దరు డైవర్లు విడివిడిగా ఈదే చోట అక్కరకొస్తుంది. ఏది వాడినా తాడు సైగలు ముందే ఒప్పుకోవాలి: మా లెక్కలో 4 గుంజులంటే నన్ను పైకి లాగండి. మాట వినపడినా, పడకపోయినా.