మూడేళ్ళ ఇంజను, పదకొండు నెలల బాయిలరు

మొన్న ఆదివారం సాయంత్రం మా పెరట్లో నేను చేసిన చిన్న బొగ్గు రైలింజను తన ఆవిరితో తానే పన్నెండు అడుగులు నడిచింది. ఇంకా నా గోళ్ళలో మసి పోలేదు. ఎవరి మీద ఎంత కోపం ఉందో అది చల్లారకముందే రాసేద్దామని కూర్చున్నాను.

మాది గుంటూరు. ముప్పై రెండేళ్ళు టర్నర్‌గా చేసి రిటైరయ్యాను. లేత్ మీద నా చేతికి పేరుంది. గొప్పలకు చెప్పడం లేదు, ఈ సంగతి తర్వాత అవసరమవుతుంది. మా నాన్న మీటరుగేజి ఇంజన్ల మీద ఫైర్‌మన్. మాచర్ల లైను, ద్రోణాచలం లైను. ఆయన డ్యూటీ దిగి వచ్చి స్నానం చేస్తే తూము దగ్గర నీళ్ళు నల్లగా పారేవి. ఆయన పనిచేసిన వైపీ రకం ఇంజనునే చిన్నగా చేద్దామని మొదట అనుకున్నాను. లెక్క వేస్తే టెండరుతో కలిపి నా మంచమంత వస్తుందని తేలింది. మా ఆవిడ ఆ కాగితం చూసి, "మంచం మీద దాన్ని పడుకోబెట్టి మీరు పెరట్లో పడుకోండి" అంది. దాంతో ఇంగ్లండులో ఇలాంటి పని మొదలుపెట్టేవాళ్ళు ఎక్కువగా పట్టుకునే టిచ్ అనే చిన్న ఇంజనుకు దిగాను. నాలుగే చక్రాలు. గేజి మూడున్నర అంగుళాలు, అంటే పట్టాల మధ్య 89 ఎంఎం. రెండు చేతులతో ఎత్తి బల్ల మీద పెట్టుకోవచ్చు, అయినా మనిషిని లాగుతుంది. కొత్తగా చేసేవాళ్ళకు నా మాట: మొదటి ఇంజను మీరు ఒక్కరే ఎత్తగలిగేదై ఉండాలి.

ఫ్రేములు, యాక్సిళ్ళు, సిలిండర్లు గబగబా అయిపోయాయి. వాటి గురించి చెప్పడానికేం లేదు, అది నా పని. చక్రాలు మాత్రం ఫౌండ్రీలో పోత పోయించాను. మొదటి జత అంచుల దగ్గర గాజులా గట్టిపడి వచ్చింది, కార్బైడ్ టూలు పెడితే కీచుమంది. పోత పూర్తిగా చల్లారకముందే అచ్చు విప్పేశారు. అడిగితే "మీ టూలే మొద్దుబారింది" అన్నాడా కుర్రాడు. నాకు చెబుతాడు! రెండో జత పోసేటప్పుడు నేనే పక్కన కూర్చుని, తెల్లారేదాకా అచ్చు ముట్టుకోనివ్వలేదు.

డ్రాయింగులో ఉన్న బీఏ (పాత బ్రిటిష్ కొలత) మరల ట్యాపులు ఆటోనగర్‌లో ఎవరి దగ్గరా లేకపోతే మన మిల్లీమీటర్ల ఎం3 వేసి సరిపెట్టాను. సిలిండర్లకు ఆవిరిని వేళకు అందించే వాల్వు గేరు పదిహేను రోజులు ఏడిపించింది. ముందుకు చక్కగా తిరిగి, వెనక్కి కుంటేది. దాన్ని కదిపే రిటర్న్ క్రాంకు కొద్దిగా జరిపితే కుదిరింది. పంక్చర్ షాపు కంప్రెసర్ అరగంట అద్దెకు తెచ్చి గాలితో నడిపి చూశాను. 15 పౌండ్ల ప్రెషరు దగ్గరే కుట్టుమిషనులా తిరిగింది. ఆ రోజు వీధిలో వాళ్ళందరినీ పిలిచి చూపించాను. అక్కడే పొరపాటు చేశాను. ఇంజను అయిపోయినట్టేనని అందరికీ చెప్పుకున్నాను.

ఇక బాయిలరు.

సుమారు మూడంగుళాల రాగి గొట్టం, వెనక నిప్పు ఉండే ఫైర్‌బాక్సు, మధ్యలో పొగ వెళ్ళే పది ట్యూబులు. ట్యూబులు ఏసీ మెకానిక్ దగ్గర దొరికే రాగి ట్యూబే. పని చేసే ప్రెషరు 80 పౌండ్లు. అతుకులన్నీ వెండి టంకంతో వేయాలి, మామూలు సీసం టంకం ఆ వేడికి, ఆ ప్రెషరుకు నిలవదు. రేకు దగ్గరే మోసం మొదలైంది. 2.5 ఎంఎం అని అమ్మినవాడి రేకును ఇంటికొచ్చి మైక్రోమీటరుతో కొలిస్తే 2.1 తేలింది. తిరిగిచ్చేస్తానంటే బిల్లేదీ అన్నాడు. రాగి కొనడానికి వెళ్తే జేబులో మైక్రోమీటరు పెట్టుకెళ్ళండి, షాపులోనే అతని కళ్ళముందే కొలవండి. మొహమాటపడితే నాలాగే అవుతుంది.

మంట విషయం నాకు అస్సలు తెలియదని తెలియడానికి నెల పట్టింది. చిన్న టార్చితో గంటసేపు కాల్చాను. రాగి ఎంత వేడి ఇస్తే అంత మింగేసి అటు చివరకు పంపేస్తుంది. టంకం పట్టడానికి పూసే ఫ్లక్స్ నల్లగా మాడింది, వెండి పుల్ల కరిగి పాదరసంలా ఉండలు కట్టి కింద పడింది. ఒక్కో ఉండ పడుతుంటే నా పెన్షన్ పడుతున్నట్టే ఉంది. తర్వాత తెలిసిన గ్యాస్ వెల్డింగ్ షాపుకు పట్టుకెళ్ళాను. ఆయన ఆక్సిజన్ మంట సూదిలా ఒకచోటే పెట్టి, రెండు నిమిషాల్లో ట్యూబులు దిగే ట్యూబ్‌ప్లేటు అంచు కరిగించి, "రాగి కదండీ, అంతే" అన్నాడు. మళ్ళీ కొత్త ప్లేటు, మళ్ళీ అచ్చు మీద కొట్టడం, కొట్టేకొద్దీ గట్టిపడితే ఎర్రగా కాల్చి నీళ్ళలో ముంచి మెత్తబరచడం.

చివరకు పెద్ద బర్నరు, కమర్షియల్ సిలిండరు తెచ్చి నేనే వేశాను. చూడ్డానికి బ్రహ్మాండంగా వచ్చింది. ప్రతి ట్యూబు చుట్టూ ఉంగరంలా వెండి మెరుస్తోంది. ఫొటోలు తీసి నాతో పనిచేసిన పాతవాళ్ళకందరికీ పంపాను. ప్రెషరు టెస్టుకు మా ఫోర్‌మన్ గారిని ఇంటికి భోజనానికి కూడా పిలిచాను.

టెస్టు అంటే బాయిలరు నిండా నీళ్ళు పోసి, ప్లంబర్లు పైపులు చూసే చేతి పంపుతో పని ప్రెషరుకు రెట్టింపు, అంటే 160 పౌండ్లు ఎక్కించడం. గాలితో ఎప్పుడూ చేయకండి. నీళ్ళతో అయితే చీలినా చుక్కలు కారి ఊరుకుంటుంది, గాలితో అయితే బాంబే. నేను పంపు కొడుతున్నాను, ఫోర్‌మన్ గారు కళ్ళజోడు పెట్టుకుని వంగి చూస్తున్నారు. 20 దగ్గర చెమ్మ కనిపించింది. "అది పాత నీళ్ళండీ" అన్నాను. 40 దగ్గర మూడు ట్యూబుల నుంచి ఒక్కసారిగా సన్నటి ధారలు లేచి ఆయన మొహం, ఇస్త్రీ చొక్కా తడిపేశాయి. ఆయన తాపీగా కళ్ళజోడు తుడుచుకుని, "ఏమయ్యా, ఇంజను చేస్తున్నానని చెప్పావు, షవరు చేశావేంటి?" అన్నారు. లోపల మా ఆవిడ నవ్వు వినబడింది. ఆ రోజు పప్పులో ఉప్పుందో లేదో కూడా నాకు తెలియదు.

ఆ తర్వాత నాలుగు నెలలు కారిన చోటల్లా ఇంకాస్త వెండి వేయడమే పని. ఒకచోట పూస్తే పక్కది విచ్చుకునేది. ఒక రాత్రి ఎం-సీల్ ముద్ద చేతిలోకి తీసుకున్నాను కూడా, అబద్ధమెందుకు చెప్పాలి. ఆవిరి బాయిలరుకు ఎం-సీల్! మా నాన్న చూస్తే పారతో కొట్టేవాడు.

ఈ మధ్యలోనే ఒక ఆఫీసుకు వెళ్ళాను, బాయిలరును చూసి పరీక్షించి కాగితం ఇస్తారేమోనని. మూడు టేబుళ్ళు తిప్పారు. చివరి ఆయన నా సంచిలోకి తొంగి చూసి, "టీ కొట్టు పెడుతున్నారా?" అని పక్కవాళ్ళకు కూడా చూపించాడు. నిజానికి మన బాయిలర్ల చట్టం 25 లీటర్లు దాటిన వాటికే. నాది లీటరు కూడా పట్టదు. ఆ ఒక్క మాట మొదటి టేబుల్ దగ్గరే చెప్పి ఉంటే రెండు బస్సు ఛార్జీలు మిగిలేవి. ఇంగ్లండులో అయితే ఇలాంటివాళ్ళ క్లబ్బుల్లోనే టెస్టు చేసి కాగితం ఇచ్చేవాళ్ళుంటారు. ఇక్కడ మన ప్రాణానికి మనమే ఇన్‌స్పెక్టర్లం.

అజ్జరం పేరు చెప్పింది మా ఆవిడే. వాళ్ళ పుట్టింటివాళ్ళ ఇత్తడి సామానంతా అక్కడిదే. తణుకు పక్కన ఆ ఊళ్ళో తరతరాలుగా ఇత్తడి, కంచు, రాగి పని. బాయిలరును తువ్వాలులో చుట్టి రైలెక్కాను. పక్కసీటాయన అది కాఫీ ఫిల్టరా అని అడిగాడు. అవునన్నాను, ఓపిక లేక.

అక్కడ అరవై దాటిన ఒక పనివాడు దాన్ని చేతిలో తిప్పి చూశాడు. వేలు పెట్టి ట్యూబులు తడిమాడు. "నీళ్ళ కాగే కదండీ ఇది. అందులో పొగగొట్టం ఒకటే, మీరు పది పెట్టేరు" అన్నాడు. మూడేళ్ళుగా ఈ పనిలో ఉండి నాకు తట్టని మాట. మా ఇంట్లో స్నానాల నీళ్ళకు రాగి బాయిలరు ఉండేది, నడుమ గొట్టంలో బొగ్గులు, చుట్టూ నీళ్ళు. నాన్న పనిచేసిన ఇంజనూ అదే, అడ్డంగా పడుకోబెట్టారంతే.

తర్వాత ఆయన అన్నది ఇప్పటికీ గుచ్చుకుంటోంది. ఒక కారే ట్యూబును రంపంతో నిలువుగా కోసి చూపించాడు. పైన వెండి ఉంగరం ఉంది, కింద ప్లేటు మందంలో వెండి ఒక్క పిసరు లేదు. "మీరు బిగించి కొట్టేరండి. ఇలాగైతే వెండి ఎలా నడుస్తాదండీ? దానికి దారుండాలి కదా."

బిగించి కొట్టాను, నిజమే. ట్యూబుకూ రంధ్రానికీ మధ్య గాలి కూడా దూరకుండా చేయడం నా ముప్పై రెండేళ్ళ చదువు. అదే నన్ను ముంచింది. వెండి టంకం సందులోకి దానంతటదే పాకాలి, దానికి వెంట్రుక మందమంత సందు ఉండాలి. ఆయన ఒక పొడవాటి మేకు తీసుకుని ట్యూబు చివర చుట్టూ నాలుగైదు చోట్ల టకటకా చుక్కలు కొట్టి ఇచ్చాడు. ఆ చుక్కల బొడిపెల మీద ట్యూబు రంధ్రంలో వదులుగా, నిటారుగా నిలబడింది. మైక్రోమీటరు తెచ్చానని చెప్పడానికి నాకు నోరు రాలేదు.

రెండు రోజులు అక్కడే ఉన్నాను. పాత అతుకులన్నీ విప్పేశాం. యాసిడ్ బదులు చింతపండు, ఉప్పు వేసి తోమించాడు. ఇటుకలు పేర్చి, బాయిలరును అతుకు కిందిదాకా బొగ్గుల్లో కూర్చోబెట్టి, బ్లోయరు పెట్టి ఒళ్ళంతా వేడెక్కించాడు. పైనుంచి నా బర్నరు చివర్లో తోడు మాత్రమే. అదీ పొద్దుగుంకాక మొదలుపెట్టాడు, ఎండలో రాగి ఎరుపు కంటికి ఆనదట. మసక చీకట్లో రాగి ముదురు ఎరుపుకు వచ్చాక పుల్ల ముట్టించమన్నాడు. ముట్టించాను. వెండి మెరిసి, సర్రున ట్యూబు చుట్టూ తిరిగి లోపలికి మాయమైంది. కింద వైపునుంచి చూస్తే అక్కడ తేలింది. నిజంగా నడిచింది.

ఒక్కచోట మాత్రం నా మాటే నెగ్గింది. ఆయన ఫ్లక్స్‌గా వెలిగారం వేద్దామన్నాడు. నా పుల్లలో 55 శాతం వెండి, అది 650 డిగ్రీల దగ్గరే పారుతుంది. వెలిగారం కరిగి పని మొదలుపెట్టేది అంతకంటే పై వేడి దగ్గర. నేను తెచ్చిన ఫ్లక్స్ పొడే వేయించాను. పుల్లలు కొనేటప్పుడు చవకగా వస్తున్నాయని క్యాడ్మియం కలిసినవి కొనకండి, ఆ పొగ ఊపిరితిత్తులు తినేస్తుంది. ఫిట్టింగులు బిగించడానికి బాయిలరుకు పెట్టే బుష్షులు కూడా ఇత్తడివి వద్దు, కంచు రకమైన గన్‌మెటల్ వేయండి. వేడినీళ్ళలో ఇత్తడిలోని జింకు పోయి పెళుసైపోతుంది.

డబ్బు ఇవ్వబోతే బొగ్గుల ఖర్చు మాత్రం తీసుకున్నాడు.

ఇంటికొచ్చి ఒక్కణ్ణే, తలుపేసుకుని టెస్టు చేశాను. 160 ఎక్కించి ఇరవై నిమిషాలు ముల్లు చూస్తూ కూర్చున్నాను. కదల్లేదు.

మొన్న ఆదివారం మొదట సింగరేణి బొగ్గు కొట్టి వేశాను. బూడిద ఎక్కువ, బొగ్గు కింద ఉండే అరచేయంత గ్రేటు కంతలు పది నిమిషాల్లో మూసుకుపోయాయి. అంతా లాగేసి ఇస్త్రీ బండి అబ్బాయి దగ్గర బొగ్గులు కొని, పొగగొట్టం మీద చిన్న ఫ్యాను పెట్టి లాగించాను. 80 దగ్గర సేఫ్టీ వాల్వు బుస్సుమంది. ఆవిరిని వదిలే రెగ్యులేటరు కొద్దిగా తెరవగానే సిలిండర్లలో పేరుకున్న నీళ్ళు పొగగొట్టంలోంచి చిమ్మాయి. ఫోర్‌మన్ గారు ఈసారి ఆరడుగుల దూరంలో, పాత చొక్కాతో నిలబడ్డారు. తర్వాత చప్పుడు మారింది. చుక్, చుక్. పన్నెండు అడుగుల పట్టా అయిపోయింది, చేత్తో ఆపాను, వేలు కాలింది.

రాత్రి అజ్జరం ఫోన్ చేసి చెప్పాను. "ఇంజను నడిస్తే నడిచిందిలెండి, ఎక్కడైనా కారతందా?" అన్నాడు.

ఒక్కచోట కారుతోందండీ అన్నాను. రెగ్యులేటరు కడ్డీ చుట్టూ ఉండే గ్లాండు దగ్గర. అది లేత్ మీద నేను తిప్పిందే.