డేటాబేస్ కనెక్షన్లకు హద్దు ఎందుకు ఉండాలి

భీమవరం చుట్టుపక్కల రొయ్యల చెరువుల మేత లెక్కలు, నీటి పరీక్షల ఫలితాలు నమోదు చేసుకునే ఒక అప్లికేషన్‌ను మా చిన్న బృందం నడుపుతోంది. సాయంత్రం మేత వేసి చెక్ ట్రేలు చూసుకున్నాక రైతులందరూ దాదాపు ఒకే వేళకు లెక్కలు ఎక్కిస్తారు కనుక, పగలంతా తేలిగ్గా నడిచిన సర్వర్‌పై అప్పుడు ఒక్కసారిగా భారం పడుతుంది. ఇలాంటి సందర్భంలో అందరూ ఇచ్చే సలహా పెద్ద సర్వర్ తీసుకోమని. చాలాసార్లు అది తొందరపాటు సలహా అని నా దృఢమైన అభిప్రాయం; ముందు చూడవలసింది డేటాబేస్ కనెక్షన్లను, అంటే అప్లికేషన్ డేటాబేస్‌తో మాట్లాడే దారులను.

1961లో జాన్ లిటిల్ నిరూపించిన సూత్రం ప్రకారం, పనులు వచ్చే వేగాన్ని ఒక్కో పనికి పట్టే సమయంతో గుణిస్తే, వ్యవస్థలో సగటున ఎన్ని పనులు ఉంటాయో తెలుస్తుంది. సెకనుకు 50 అభ్యర్థనలు వస్తూ, ఒక్కొక్కటి కనెక్షన్‌ను సెకనులో పదో వంతు సేపు పట్టుకుంటే, సగటున వాడుకలో ఉండేవి 5 కనెక్షన్లే. సరైన ఇండెక్స్ (వెతికే సమాచారాన్ని త్వరగా చూపే సూచిక) లేక అదే క్వెరీకి, అంటే డేటాబేస్‌ను అడిగే ప్రశ్నకు, 2 సెకన్లు పడితే, వాడేవారు ఒక్కరు కూడా పెరగకుండానే 100 కనెక్షన్లు కావలసి వస్తాయి. పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్ సాఫ్ట్‌వేర్‌లో కనెక్షన్లకు సాధారణంగా ఉండే గరిష్ఠ పరిమితి సరిగ్గా 100. అందులోనూ 3 సూపర్‌యూజర్ (అన్ని అధికారాలూ ఉన్న నిర్వాహకుడు) కోసం పక్కన పెట్టి ఉంటాయి.

ఆ పరిమితిని 500 చేస్తే సరిపోతుందనిపించవచ్చు. కానీ పోస్ట్‌గ్రెస్ ప్రతి కనెక్షన్‌కూ ఒక ప్రత్యేక ప్రాసెస్‌ను, అంటే విడిగా నడిచే ప్రోగ్రామ్‌ను, సృష్టిస్తుంది; ఒక్కోదానికీ కొంత మెమరీ కావాలి. మెమరీ పూర్తిగా అయిపోతే ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెకాయ లాంటి లినక్స్ కెర్నెల్ ఏదో ఒక ప్రాసెస్‌ను ఎంచి బలవంతంగా ఆపేస్తుంది. అది డేటాబేస్ ప్రాసెస్ అయితే, ఈ ప్రాసెస్‌లన్నీ కలిసి వాడుకునే షేర్డ్ మెమరీ చెడిపోయి ఉండవచ్చన్న జాగ్రత్తతో పోస్ట్‌గ్రెస్ మిగిలిన కనెక్షన్లన్నింటినీ తెంచి, రికవరీ చేసుకున్నాకే మళ్లీ పనిలోకి వస్తుంది. ఒక్క నెమ్మది క్వెరీ చివరికి అందరి పనినీ నిలిపివేయగలదన్నమాట.

అందుకే డేటాబేస్ ముందు పీజీబౌన్సర్ వంటి పూల్‌ను, అంటే కొన్ని కనెక్షన్లనే అందరికీ వంతులవారీగా ఇచ్చే సాఫ్ట్‌వేర్‌ను, నిలిపి, కొద్ది కనెక్షన్లనే తెరిచి, మిగిలిన అభ్యర్థనలను వరుసలో ఉంచడం మేలు. దాళ్వాలో నీటికి ఎద్దడి వచ్చినప్పుడు మన డెల్టా కాలువలకు వంతులవారీగా నీరు వదిలేది కూడా ఇందుకే; ఎగువ తూములన్నీ ఒకేసారి తెరిస్తే శివారు చేలకు నీరు అందదు. అయితే ఆ వరుసకు కూడా టైమ్‌అవుట్ (ఇంతసేపే ఆగాలన్న గడువు) ఉండాలి, లేకపోతే రైతు ఫోన్ తెరపై చక్రం అంతులేకుండా తిరుగుతూనే ఉంటుంది.



నేను పరిమితుల జోలికి వెళ్లేముందు పోస్ట్‌గ్రెస్‌లో కనెక్షన్ల స్థితిని చూపే పీజీ_స్టాట్_యాక్టివిటీ పట్టికలో, ట్రాన్సాక్షన్ (ఒకే పనిగా కలిపి చేసే మార్పుల వరుస) తెరిచి ఊరికే కూర్చున్న కనెక్షన్లు ఎన్ని ఉన్నాయో చూస్తాను. ట్రాన్సాక్షన్ మధ్యలో ఎస్ఎంఎస్ పంపి, దాని జవాబు కోసం ఎదురుచూసే కోడ్ ఇలాంటివాటికి ముఖ్య కారణం. ఆ ఎస్ఎంఎస్ పనిని కమిట్ (ట్రాన్సాక్షన్‌ను ముగించి మార్పులను ఖాయం చేయడం) తరువాతికి జరిపితే, కనెక్షన్ అప్పటికే తిరిగి పూల్‌లోకి చేరి ఉంటుంది.