జోలా బాయి దిగిండు

గోదావరిఖనిల పుట్టి పెరిగినోళ్లకు బొగ్గుబాయి మీద బయటోళ్లు రాసింది చదవాలంటే ముందే అనుమానం ఉంటది, దుమ్ము, చీకటి, పాపం పేదోళ్లు అని నాలుగు ముక్కలు రాసి అయిపోగొడ్తరు. ఫ్రాన్స్ రైటర్ ఎమిల్ జోలా అసొంటోడు కాదు. ఆయన 'జెర్మినల్' నవల 1885ల వచ్చింది, 20 నవలల వరుసల అది పదమూడోది, హన్మకొండల ఉండుకుంట రాత్రిళ్లు ఇంగ్లిష్‌ల చదివిన.

1884 ఫిబ్రవరిల ఉత్తర ఫ్రాన్స్‌ల, ఆంజాన్ దిక్కు బాయి కార్మికులు సమ్మె చేస్తుంటే జోలా సీదా ఆడికే పోయిండు. బాయి దిగిండు, కార్మికుల ఇండ్లళ్లకు పోయి చూసిండు, పని ఎట్లుంటది, కూలి ఎంత, అన్నీ నోట్సు రాసుకున్నడు. గప్పటికే పేరున్న రైటర్, ఇంట్ల కూసొని రాసినా జనం కొనుక్కొని చదివేటోళ్లే, అయినా పోయిండు, గందుకే ఆ మనిషంటే నాకు పాణం.

నవలల సమ్మె ఎందుకు మొదలైతదో చూడాలె. కార్మికులకు టబ్బుల (బొగ్గు నింపే బండ్ల) లెక్కన పైసలు, గందుకని ఎక్కువ టబ్బులు నింపాలని బాయి కప్పు కూలకుంట కట్టెలు పెట్టే పనిల తొందరవడ్తరు, అది ప్రమాదమని కంపెనీ ఏమంటదంటే కట్టె పనికి వేరే పైసలిస్తం, కానీ టబ్బు రేటు 50 సాంతీమ్‌ల (ఫ్రాన్స్ పైసల) కెళ్లి 40కి తగ్గిస్తం అంటది. పైకి చూస్తే సేఫ్టీ ముచ్చట, లెక్క గడితే కూలి కోత. మా బాపు ఫిల్లర్ (టబ్బులల్ల బొగ్గు నింపే) పని చేసి రిటైరైండు, ఆయనకు ఫోన్ల ఇదంత చెప్తే మొత్తం ఇనకముందే "మరి కట్టెకిచ్చే పైసలతోని ఆ పది ఎల్తయా?" అని అడిగిండు. నవలల మహే అనే కార్మికుని ఇంటోళ్లు గట్టుకునే లెక్క గూడ అదే! 140 ఏండ్ల కింద పారిస్ మనిషి రాసింది ఖనిల ఫిల్లర్‌కు ఒక్క నిమిషంల సమజైందంటే ఆయన ఎంత దగ్గరికెళ్లి చూసిండో అనిపిచ్చింది.

ఇంకోటి, మేనేజర్ ఎన్బోను రాక్షసున్ని చెయ్యలె, ఆయన ఇంటి బాధ ఆయనకున్నది. పదేండ్ల సంది బాయిలనే ఉన్న బతాయ్ అనే గుర్రం గురించి రాసిన పేజీలైతే చదివి పుస్తకం పక్కకు వెట్టిన.

1898 జనవరి 13న చెయ్యని దేశద్రోహానికి శిక్షపడ్డ డ్రైఫస్ అనే ఆర్మీ ఆఫీసర్ కోసం జోలా ఫ్రాన్స్ ప్రెసిడెంటుకు బహిరంగ లేఖ రాసిండు, కేసయింది, శిక్ష పడ్డది, ఇంగ్లండ్ పోయి దాదాపు ఏడాది ఉన్నడు. 1902ల ఇంట్ల పొగగొట్టం మూసుకపోయి విషవాయువుతోని సచ్చిపోయిండు. అంతిమయాత్రల గని కార్మికులు "జెర్మినల్! జెర్మినల్!" అనుకుంట నడిచిన్రట. ఏ అవార్డు దానికి సాటి రాదు.

'జెర్మినల్' హీరో ఎతియెన్ తల్లి జెర్వేజ్, బట్టలుతికే ఆమె, ఆమె కథ 'లాసొమ్వార్' 1877ల అంతకు ముందే వచ్చింది, ఇప్పుడు అది వట్టిన.