పల్లెవెలుగు బస్సు బోర్డే మొదటి వాచకం

తెలుగునేలకి బయట పెరిగే పిల్లలకి తెలుగు అక్షరాలు నేర్పే ముందు మన దేశపు లిపుల సంగతి చెప్పాలంటే నూరు రూపాయల నోటు ఒకటి చేతికిస్తే చాలు. వెనకవైపు ఎడమ పక్కన పట్టీలో 15 వరసలుంటాయి. భాషల పేర్లు ఇంగ్లీషు అక్షరక్రమంలో పేర్చారు కాబట్టి అస్సామీ అన్నిటికన్నా పైన, ఉర్దూ అడుగున. తెలుగు పద్నాలుగోది. ముందువైపున్న హిందీ, ఇంగ్లీషు కలిపితే నోటు మీద మొత్తం 17 భాషలు.

ఇప్పుడు ఆ పట్టీలో లిపులెన్నో లెక్కపెట్టమనండి. ఎక్కువమంది పిల్లలు 15 అనేస్తారు. కొంకణి, మరాఠీ, నేపాలీ, సంస్కృతం నాలుగూ దేవనాగరిలోనే ఉన్నాయి. అస్సామీ, బెంగాలీ దాదాపు ఒకటే, ర, వ అక్షరాల దగ్గర తేడా. కశ్మీరీ, ఉర్దూ రెండూ కుడి నుంచి ఎడమకి రాసే అరబిక్ తరహా లిపి. తీసేయగా మిగిలేవి 10. ఆ తర్వాత నాలుగు, ఏడు, పదమూడు, పద్నాలుగు వరసలు చూపించండి: కన్నడం, మలయాళం, తమిళం, తెలుగు. నాలుగింటిలోనూ మొదటి మాట నూరే. మాట ఒకటే అయినా రూపాలు నాలుగు. తెలుగు 'నూ'కి దగ్గరగా ఉన్నదేదో వెతకమంటే ఏడేళ్ల పిల్ల కూడా కన్నడ వరసని పట్టుకుంటుంది.

భాష వేరు, లిపి వేరు అన్న సంగతి ఇక్కడే చెప్పేయాలి. రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులో 22 భాషలున్నాయి. అందులో ఉన్న సంతాలీకి ఓల్ చికి అనే సొంత లిపి ఉన్నా నోటు మీద చోటు లేదు. మన నెల్లూరు, ప్రకాశం వైపు ఎరుకల కుటుంబాలు ఇళ్ళలో మాట్లాడుకునే భాషకి సొంత లిపే లేదు. అయినా అదీ పూర్తి భాషే. బయట పెరిగే పిల్లలకి ఈ మాట స్పష్టంగా చెప్పకపోతే, రాయడం రాని భాష తక్కువదనుకుంటారు.

నెల్లూరు వెళ్ళేవాళ్ళలో చాలామంది చెన్నైలోనే విమానం దిగుతారు. అక్కణ్ణుంచి రోడ్డు మీద మూడు నాలుగు గంటలు. పిల్లలు నిద్రపోకుండా ఉంటే అది మంచి పాఠం. గుమ్మిడిపూండి, ఆరంబాకం దాకా కొట్ల మీద తమిళం, తడ దాటగానే తెలుగు. ఆ సరిహద్దు ఎప్పుడు వచ్చిందంటే, 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం వేరుపడేదాకా రెండు వైపులూ మద్రాసు రాష్ట్రమే. ఆ రాష్ట్రం కోసం ప్రాణమిచ్చిన పొట్టి శ్రీరాములు పేరే నెల్లూరు జిల్లాకి పెట్టారని చెబితే పదేళ్ల పిల్లలకి అర్థమవుతుంది. చిన్నవాళ్ళకి బోర్డు మారిందని చూపిస్తే చాలు.

తమిళంలో క, ఖ, గ, ఘ నాలుగింటికీ ఒకే అక్షరం. ట, డ కూడా అంతే. అందుకని గూడూరుని తమిళంలో రాస్తే ఆ అక్షరాలు కూడూరు అని కూడా చదవచ్చు. ఊరు తెలిసినవాళ్ళు గూడూరనే చదువుతారు. హిందీ ఇబ్బంది వేరు. హిందీ రాతలో పొట్టి ఎ, పొట్టి ఒ లేవు. నెల్లూరు, ఒంగోలు రాసి చదివిస్తే నేల్లూరు, ఓంగోలు అవుతాయి. ఇంగ్లీషు స్పెల్లింగు గురించి చెప్పేదేముంది, రెండు ఊళ్ళకీ చివర పలకని ఈ ఒకటి తగిలించారు. మన ఊళ్ళ పేర్లు ఉన్నవి ఉన్నట్టు రాయడానికి తెలుగు లిపే సుఖం. నేర్పేటప్పుడు దీన్ని గట్టిగానే చెప్పండి, గొప్పలు పోయినట్టేమీ కాదు.

ఇక నేర్పడం. వర్ణమాల 56 అక్షరాలూ వరసగా బట్టీ పట్టించడం మాకు నచ్చదు. ఇంటి చుట్టూ తెలుగు బోర్డులున్న పిల్లలకైతే అది సరిపోతుంది, వీధిలో ఒక్క తెలుగక్షరం కూడా కనబడని చోట పిల్లలు ఐ, ఔ దగ్గరే విసిగిపోతారు. ముందు ఒక డజను చాలు: అ, క, గ, త, న, ప, ర, ల, వ, డ, చ, ద. మ, య వెంటనే వద్దు. వ, మ, య ఒకే వారంలో చెబితే మూడూ కలిసిపోతాయి. వ గట్టిపడ్డాక మ, ఇంకో రెండు వారాలు పోయాక య. ధ, థ, ఢ లాంటి ఒత్తక్షరాలు ఆఖరికి ఉంచండి. థ అంటే పొట్టలో చుక్క ఉన్న ధ, పెద్దవాళ్ళే తడబడతారు. ఙ, ఞ, ఌ పరీక్షల్లో అడక్కండి.

రోజుకి పావుగంట, వారానికి అయిదు రోజులు. ఆదివారం ఒక్క గంట క్లాసుతో సరిపెడితే మళ్ళీ ఆదివారానికి మర్చిపోతారు.

గుణింతం కూడా క, కా, కి, కీ అని ఒకే అక్షరానికి పదహారూ చెప్పించే బదులు, ఒక వారం దీర్ఘం ఒక్కటే తీసుకుని తెలిసిన అక్షరాలన్నిటికీ పెట్టించండి. తర్వాతి వారం గుడి. కొమ్ము దగ్గర మాత్రం ఆగాలి. పు, ఫు, వులకి కొమ్ము మామూలు చోట రాదు, కాస్త కిందికి దిగుతుంది. అందరిలాగా పెడితే వు కాస్తా మ లాగా కనబడుతుంది కాబట్టి. ఈ కారణం చెబితే పిల్లలు మర్చిపోరు. ఇంకో మంచి సంగతి, తెలుగులో ఏ గుణింతపు గుర్తూ అక్షరానికి ఎడమ పక్కన కూర్చోదు. హిందీలో ఇ గుర్తు, తమిళంలో ఎ గుర్తు అక్షరానికి ముందే వచ్చి కూర్చుంటాయి.

అసలు కష్టం వత్తుల దగ్గర. నెల్లూరునే చూడండి. పైన ల, దానికే అంటుకుని ఊ గుర్తు, కింద ల వత్తు. కంటికి కనబడే వరస ల, ఊ, ల. పలికే వరస ల్, ల, ఊ. అందుకే పిల్లలు నె-లూ-ల-రు అని చదువుతారు. తెలివి తక్కువై కాదు, చూసింది చూసినట్టు చదువుతున్నారంతే. వద్దని అరవకండి. నెల్, లూ, రు అని విడదీసి మూడు ముక్కలుగా రాయించండి, తర్వాత రెండో ల ని వేరే రంగు పెన్నుతో కిందికి దించండి. వారం రోజులు వత్తులన్నీ ఆ రంగుతోనే రాయాలి. చాలా వత్తులు తలకట్టు తీసేసిన అక్షరాల్లానే ఉంటాయి. రూపం మారిపోయేవి త, న, మ, య, ర, ల ఆరే. అవి విడిగా నేర్పాలి.

రాసే కాగితం గురించీ ఒక మాట. బయట మీరుండే చోట దొరికే రూళ్ళ పుస్తకాల్లో పై వరస వత్తు, కింది వరస గుడి గుద్దుకుంటాయి. వరస విడిచి వరస రాయించండి.

సెలవులకి ఊరు వచ్చాక ఆర్టీసీ బస్టాండుని మించిన వాచకం లేదు. ఎలక్ట్రానిక్ బోర్డుల జోలికి పోకండి, అక్షరాలు పరిగెడుతుంటాయి. రేకు బోర్డున్న పల్లెవెలుగు బస్సులు చూడండి. మొదట వత్తూ సున్నా లేని ఊళ్ళు: కావలి, గూడూరు, కనిగిరి, పొదిలి, చీరాల, ఉదయగిరి. తర్వాత సున్నా ఉన్నవి: ఒంగోలు, కందుకూరు, వెంకటగిరి. ఆ పైన నెల్లూరు, అద్దంకి. దర్శి, ఆత్మకూరు ఆఖరికి. దర్శిలో ర మీద గుడి ఉంటుంది, కింద శ వత్తు, పలికేటప్పుడు ఇ వచ్చేది మాత్రం శ తర్వాత. ఆత్మకూరులో మ వత్తు అసలు మ లాగే ఉండదు. ఒక పూట అరగంట చాలు, ఎండెక్కకముందే వెళ్ళండి.

ఊళ్ళో ఇంకో చిక్కుంది. వాచకంలో ఎక్కడ, ఏమిటి అని ఉంటుంది. అమ్మమ్మ యాడ, ఏంది అంటుంది. పిల్లలు అమ్మమ్మని దిద్దబోతే ఆపండి. యాడ కూడా తెలుగక్షరాల్లో చక్కగా రాసుకోవచ్చు, రాయించండి కూడా.

ఫోన్లో ఇంగ్లీషు అక్షరాలు కొడితే తెలుగు వచ్చే కీబోర్డు పిల్లలకి ఇవ్వకండి, కళ్ళు ఇంగ్లీషు మీదే ఉంటాయి. నేరుగా తెలుగక్షరాలున్న కీబోర్డు పెట్టండి. నెల్లూరుకి ఎనిమిది నొక్కులు: న, ఎత్వం, ల, పొల్లు, ల, ఊ గుర్తు, ర, కొమ్ము. ఇది సరిగ్గా పలికే వరసే, అందుకే వత్తులు తప్పు చదివే పిల్లలకి టైపింగు బాగా పనికొస్తుంది. 2018 ఫిబ్రవరిలో జ్ఞా అన్న ఒక్క తెలుగు కూర్పు ఐఫోన్లలో యాప్‌లు ఆగిపోయేలా చేసింది, తర్వాత సాఫ్ట్‌వేర్ మార్చి సరిచేశారు. ఈ సంగతి చెప్పాక జ్ఞ రాయనని మొరాయించే పిల్లలు ఉండరు.

తెలుగు గట్టిపడ్డాక రెండో లిపి కావాలంటే కన్నడం తీసుకోండి. అద్దంకిలో సేనాని పండరంగని శాసనం వేసిన 848 నాటికి ఈ రెండు లిపులూ ఇంకా వేరుపడలేదు. ఇప్పటికీ గ, న, ర, ల, బ లాంటివి చూడగానే పోల్చుకోవచ్చు. క, త, హ లాంటివి మాత్రం కొత్తగా నేర్చుకోవాలి, మన తలకట్టు టిక్కు గుర్తులా ఉంటే వాళ్ళది అడ్డగీత. రెండు మూడు వారాల్లో బోర్డులు చదివేస్తారు. తమిళం, హిందీ అలా కాదు. తెలుగు పుస్తకం ఒక పేజీ ఆగకుండా చదవడం వచ్చేదాకా వాటిని ముట్టుకోకపోవడమే మంచిది.