మర్యాదగా పక్కన కూర్చోబెట్టినప్పుడు

ఉద్యోగం నుంచి తప్పుకున్న స్త్రీకి మా కడపలో మొట్టమొదట ఎదురయ్యే ప్రశ్న, "ఇంక పిల్లల దగ్గరికి వెళ్ళిపోవచ్చు గదమ్మా?" అన్నది. మగవారినైతే, "ఇంక హాయిగా రెస్టు తీసుకోండి సార్" అంటారు. అనేవాళ్ళలో దురుద్దేశం లేదని నాకు తెలుసు. అయినా ఉన్నత పాఠశాలలో గణితం చెప్పి విరమించిన నాకు ఆ రెండు మాటల్లోనూ వినిపించింది ఒక్కటే: ఇకమీదట నా నుంచి ఎవరూ ఏమీ ఆశించడం లేదని.

మన రాష్ట్రంలో ప్రభుత్వోద్యోగుల విరమణ వయసు 2014లో 58 నుంచి 60కి, 2022 జనవరి నుంచి 62కి పెరిగింది. 58 ఏళ్ళకే ఇంటికి పంపిన మనుషులకూ, 62 దాకా ఉంచుకున్న మనుషులకూ శక్తిలో తేడా లేదు, ఉత్తర్వులో తేడా ఉంది. చదువుకున్న యువత ఉద్యోగాల కోసం ఎదురుచూస్తున్న జిల్లాలో విరమణే వద్దని నేను అనను. నా అభ్యంతరమల్లా, జీతం ఆగిన రోజునే మనిషి బుద్ధి కూడా ఆగిపోయినట్టు చుట్టుపక్కలవాళ్ళు ప్రవర్తించడం మీదనే.

ఒక బ్యాంకులో నా డిపాజిట్ సంగతి నేనే అడుగుతున్నా, కౌంటరులోని ఉద్యోగిని జవాబులన్నీ నా పక్కన నిలబడిన మా అబ్బాయికి చెప్పి, సంతకం మాత్రం నన్ను పెట్టమంది. జీతం తీసుకోకుండా వారానికి కొన్ని గంటలు పాఠం చెబుతానని ఒక ప్రైవేటు పాఠశాలకు వెళితే, "పిల్లలతో సమానంగా పరుగెత్తేవాళ్ళు కావాలి మేడమ్" అన్నారు. త్రికోణమితి చెప్పడానికి పరుగు అక్కరలేదని, ఓపిక కావాలని నేను అక్కడే చెప్పి వచ్చాను. ఈ రెండు చోట్లా నాకు కుర్చీ వేశారు, మంచినీళ్ళిచ్చారు, ‘అమ్మా’ అనే పిలిచారు. మన ప్రాంతంలో వయసు మీది చిన్నచూపు చాలాసార్లు ఇలా మర్యాద రూపంలోనే వస్తుంది కాబట్టి, దాన్ని కాదనడానికి మనకు నోరు రాదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో వెలువరించిన నివేదిక ప్రకారం, ప్రపంచంలో ప్రతి ఇద్దరిలో ఒకరికి వయసును బట్టి మనుషుల్ని తక్కువగా చూసే ధోరణి ఉంది. ఆ ఒకరిలో వృద్ధులమైన మనమూ ఉన్నామని నా అనుభవం. ఫోనులో డబ్బు పంపడం నేర్పిస్తానంటే "ఈ వయసులో మనకెందుకులే" అనే మాట నా తోటి విశ్రాంత ఉపాధ్యాయుల నోటనే ఎక్కువగా విన్నాను. ముసలితనం గురించి మంచి అభిప్రాయం ఉన్నవారు, లేనివారికంటే సగటున ఏడున్నర ఏళ్ళు ఎక్కువగా జీవించారని అమెరికాలో 2002లో ప్రచురితమైన ఒక పరిశోధన తేల్చింది. ఆరోగ్యంగా ఉన్నవారికే అలాంటి ధీమా ఉంటుందేమో అన్న సందేహం లెక్కల టీచరుగా నాకూ కలిగింది గాని, పరిశోధకులు శరీర సత్తువను, ఆర్థిక స్థితిని, ఒంటరితనాన్ని లెక్కలోకి తీసుకున్న తర్వాత కూడా ఆ తేడా నిలిచే ఉంది.

అయితే అంత దూరం వెళ్ళకుండానే నాకు ధైర్యం ఇచ్చిన చోటు మా కడపలోని ఎర్రముక్కపల్లిలో ఉంది. తెలుగు నిఘంటువు కూర్చిన ఆంగ్లేయ అధికారి సి.పి. బ్రౌన్ ఒకప్పుడు నివసించిన బంగళా స్థలంలో, ఆయన పేరు మీదనే వెలసిన గ్రంథాలయం అది. 1798లో పుట్టిన బ్రౌన్ 1854లో కొలువు వదిలాక, లండన్ చేరి అక్కడి విశ్వవిద్యాలయంలో తెలుగు ఆచార్యుడిగా పనిచేశారు. 1884లో కన్నుమూసే వరకు, అంటే కొలువు తర్వాత 30 ఏళ్ళు జీవించారు. ఆయన స్మృతి కోసం ఈ గ్రంథాలయాన్ని నిలబెట్టిన జానుమద్ది హనుమచ్ఛాస్త్రిగారు కూడా ఉద్యోగం ముగిసిన మనిషే. చందాలు పోగుచేసి, పుస్తకాలు సేకరించి, 2014లో తుదిశ్వాస విడిచేనాటికి 80 దాటిన వయసులోనూ ఆయన ఆ పనినే తన పనిగా చూసుకున్నారు. ఆ గ్రంథాలయం ఇప్పుడు యోగి వేమన విశ్వవిద్యాలయంలో భాగం. ఆయనను ఎవరైనా విశ్రాంతి తీసుకోమన్నారో లేదో గాని, ఆయన తీసుకుని ఉంటే ఈనాడు మా ఊరికి ఆ చదువుల గది ఉండేది కాదు.

నాకు దొరికిన పని అంతకంటే చాలా చిన్నది. మా వీధిలోనూ పక్క వీధుల్లోనూ పెళ్ళితో చదువు ఆగిపోయిన ఆడపిల్లలు కొందరు ఓపెన్ స్కూల్ ద్వారా పదో తరగతి రాయాలనుకుంటున్నారు; అంగన్‌వాడీ కార్యకర్త ఉద్యోగానికి పదో తరగతి ఉండాలి కాబట్టి వాళ్ళకది సరదా చదువు కాదు. మధ్యాహ్నం ఇంటిపనులు తీరాక మా వరండాలో కూర్చుంటారు. శాతాలంటే భయపడేవాళ్ళే, "నూటికి రెండు రూపాయల వడ్డీ" అనగానే నోటితో లెక్క కట్టేస్తారు. ఆ రెండు రూపాయలూ నెలకు కదా, ఏడాదికి 24 శాతం అవుతుంది కదా అని చెప్పిన రోజు, డ్వాక్రా సంఘంలో బాకీల పుస్తకం రాసే ఒక అమ్మాయి, తన పుట్టింటివాళ్ళు తెచ్చిన అప్పును నోటు పుస్తకంలో మళ్ళీ మొదటినుంచీ లెక్క వేసుకుని, చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. మరుసటి పాఠానికి ఆమె వాళ్ళ అత్తను కూడా వెంటబెట్టుకుని వచ్చింది.

ఒకసారి పెన్షన్ పని మీద ఖజానా కార్యాలయంలో ఆలస్యమై నేను పాఠానికి అందుకోలేకపోతే, మర్నాడు వాళ్ళు నన్ను గట్టిగానే నిలదీశారు. "మేము పనులన్నీ ఆపుకుని వచ్చినాం, నువ్వు రాకపోతే ఎట్ల మేడమ్?" అన్న ఆ మాట, విరమణ సభలో కప్పిన శాలువాలన్నిటికంటే నాకు విలువైనది. భజనలకు, తీర్థయాత్రలకు, మనవల ముద్దుమాటలకు నేను వ్యతిరేకిని కాను. అవన్నీ నాకూ ఉన్నాయి. కాని మనం రాకపోతే ఒకరికి నష్టం జరిగే పని, మనల్ని వేళకు రమ్మని అడిగే హక్కు ఉన్న మనుషులు ఏ వయసులోనైనా ఉండాలని నేను గట్టిగా నమ్ముతున్నాను.

వితంతు పెన్షన్ కాగితాలు తెలిసిన విశ్రాంత గుమాస్తాలు, పొలం కొలతలు తెలిసిన సర్వేయర్లు, బాలింతలకు ధైర్యం చెప్పగల నర్సమ్మలు మా ఊళ్ళో ఎంతమంది అరుగుల మీద ఊరికే కూర్చున్నారో తలచుకుంటే నాకు బాధగా ఉంటుంది. వాళ్ళను కూర్చోమనకండి, పిలిచి పని చెప్పండి. మా వరండాలో ఇంగ్లీషు చెప్పేవారు ఇంకా దొరకలేదు. కడపలో ఉన్న విశ్రాంత ఇంగ్లీషు ఉపాధ్యాయులు ఎవరైనా సరే, ఎంత వయసువారైనా సరే, రావచ్చు. మధ్యాహ్నం మూడింటికల్లా చేరుకోవాలన్నదొక్కటే నా దగ్గర చదువుకునే ఆ అమ్మాయిలు పెట్టిన షరతు.